లక్షలు పోసి కొన్న ఆడియో సామాను: తిరిగి అమ్మితే ఏమొస్తుంది?

(కడపలో సంగీతాభిమానుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పాత ఆడియో సామాను బాగుచేయడం, అడిగినవారికి దాని వెల కట్టి చెప్పడం నా వృత్తి. ఈ వృత్తిలో నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఇది అప్పట్లో ఇన్ని లక్షలు పెట్టి కొన్నది, ఇప్పుడు ఎంతకు పోతుంది?" అడిగేవారిలో తండ్రి పోయిన తరువాత ఇంట్లో మిగిలిన సెట్టును ఏం చేయాలో తెలియని పిల్లలు ఉంటారు, ఇల్లు మారుతున్న డాక్టర్లు ఉంటారు, కువైట్‌లో ఇరవై ముప్పై ఏళ్లు కష్టపడి తిరిగి వచ్చిన రాజంపేట, రాయచోటి ప్రాంతాలవారు ఉంటారు. నేను చెప్పే జవాబు చాలామందిని బాధపెడుతుంది, కొద్దిమందిని ఆశ్చర్యపరుస్తుంది. ఈ తేడా ఎందుకు వస్తున్నదో వివరంగా చెప్పాలన్నదే ఈరోజు నా ప్రయత్నం.

మొదట ఈ సామాను ధరలు ఏ స్థాయిలో ఉంటాయో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలోని విల్సన్ ఆడియో సంస్థ 2016లో ప్రకటించిన వామ్ మాస్టర్ క్రోనోసోనిక్ అనే స్పీకర్ల జత ధర 6,85,000 డాలర్లు. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో దాదాపు నాలుగున్నర కోట్లు. 70 జతలకు మించి తయారు చేయబోమని కూడా ఆ సంస్థ చెప్పింది. అంత ఖరీదైనవి మన ఊళ్లలో కనిపించవు గానీ, రెండు లక్షల ఆంప్లిఫయర్లు, ఐదు లక్షల స్పీకర్లు మన జిల్లాలో లేవనుకోవడం పొరపాటు. ధర ఎంతదైనా, తిరిగి అమ్మేటప్పుడు జరిగే లెక్క మాత్రం ఒకే రకంగా సాగుతుంది.

ఆ లెక్క ప్రొద్దుటూరు బంగారం అంగళ్లను ఎరిగినవారికి సులభంగానే అర్థమవుతుంది. ఒక హారం కొన్నప్పుడు మనం బంగారం తూకానికి కొంత, మజూరీకి కొంత, తరుగుకు కొంత ఇస్తాము. అదే హారాన్ని తిరిగి అమ్మబోతే అంగడివాడు తూకం మాత్రమే చూస్తాడు. ఆడియో సామానులో ఆ తూకం భాగం చాలా తక్కువ. లోపలి విడిభాగాల ఖర్చుకు నాలుగైదు రెట్లు చిల్లర ధర పెట్టడం ఈ పరిశ్రమలో మామూలు పద్ధతి. ఆ చిల్లర ధరలో మూడో వంతు నుంచి సగం దాకా అమ్మే అంగడివారి వాటాగా పోతుంది. దానిపైన దిగుమతి సుంకం, జీఎస్టీ, ఓడ కిరాయి చేరతాయి. వస్తువు పెట్టెలోంచి బయటికి తీసి ఇంట్లో పెట్టిన మరుక్షణం నుంచి ఈ వాటాలు ఏవీ తిరిగి రావు. కొన్న కొద్దికాలానికే ధర సగానికి పడిపోయిందని కొన్నవారు నొచ్చుకుంటారు. అది వస్తువు లోపం వల్ల పడిన ధర కానే కాదు, కొన్ననాడే ఖర్చయిపోయిన మజూరీ.

అయితే కొన్ని వస్తువులు సగానికి పడిన తరువాత అక్కడే నిలుస్తాయి, కొన్ని మళ్లీ పైకి లేస్తాయి, కొన్ని చివరికి పాత ఇనుము అంగట్లో కాటాకు ఎక్కుతాయి. ఇంతకాలం ఈ సామాను చేతులతో పట్టుకుని చూసిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఒక యంత్రాన్ని బాగుచేయగల మనిషి, దానికి కావలసిన విడిభాగం దొరికినంత కాలమే దానికి వెల ఉంటుంది. ఎంతకు కొన్నామన్నది దీనిలో లెక్కకు రాదు. ధ్వని ఎంత బాగుందన్నది కూడా నేరుగా లెక్కకు రాదని చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా చెప్పక తప్పదు.

దీనికి అన్నిటికంటే మంచి సాక్ష్యం ఇంగ్లండులోని స్విండన్ పట్టణంలో 1950ల మధ్య నుంచి తయారైన, రికార్డులను తిప్పే గారార్డ్ 301 టర్న్‌టేబుల్. దీన్ని తయారు చేసిన సంస్థ 1915లో బ్రిటిష్ రాజవంశానికి నగలు చేసే కుటుంబ వ్యాపారం నుంచి పుట్టింది. 301 రేడియో కేంద్రాలలో రోజంతా తిరగడానికి తగిన దృఢత్వంతో చేసిన యంత్రం. దాని పళ్లెం కింద చూస్తే బరువైన మోటారు, ఆ మోటారు ఇరుసుకు మెట్లుమెట్లుగా కోసిన పుల్లీ, పుల్లీకి పళ్లెం లోపలి అంచుకు మధ్య ఒరుసుకుంటూ తిరిగే చిన్న రబ్బరు చక్రం కనిపిస్తాయి. వేగాన్ని కొద్దిగా సవరించడానికి మోటారు ఇరుసు మీది అల్యూమినియం బిళ్ల దగ్గరికి ఒక అయస్కాంతాన్ని జరిపే ఏర్పాటు ఉంది. అందులో చిప్పులు లేవు, ప్రోగ్రాములు లేవు. ఇరుసు అరిగితే మంచి లేతు పనివాడు బుష్షు చేసి వేస్తాడు. రబ్బరు చక్రం గట్టిపడితే కొత్తది చేసి అమ్మేవారు పలు దేశాల్లో ఉన్నారు. మోటారు విప్పి, కడిగి, నూనె వేస్తే మళ్లీ నిశ్శబ్దంగా తిరుగుతుంది. తొలినాటి యంత్రాల బేరింగుకు గ్రీజు, తరువాతివాటికి నూనె వాడారు; కొనేవారు ఈ తేడాను కూడా చూసి ధర చెబుతారు. 33⅓, 45, 78 మూడు వేగాలూ ఉన్నందువల్ల మన ఇళ్లలో మిగిలిన పాత పద్యనాటకాల 78 రికార్డులు కూడా దాని మీద వినవచ్చు.

గారార్డ్ సంస్థ 1979లో బ్రెజిల్ దేశపు సంస్థ చేతికి పోయింది, స్విండన్‌లో తయారీ ఆగిపోయింది. మామూలుగా సంస్థ మూతపడితే దాని సామాను ధర పడిపోవాలి. 301 విషయంలో దానికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. సంస్థ లేకపోయినా బాగుచేసే చేతులు మిగిలాయి, విడిభాగాలు చేసే చిన్న పనిశాలలు పుట్టాయి, జపాన్ అభిమానులు వెతికి వెతికి కొన్నారు. ఇటీవల గారార్డ్ పేరును, ఎస్ఎంఈ అనే మరో ఇంగ్లిషు సంస్థను కూడా మన పూణేకు చెందిన కేడెన్స్ యజమానులే కొని, 301ను మళ్లీ తయారు చేయించడం మనం గర్వంగా చెప్పుకోదగిన విషయం. మరొక మాట కూడా ఇక్కడే చెబుతాను. ఈ యంత్రాన్ని బరువైన పీఠం మీద బిగించాలి. విదేశాల్లో పలక రాయిని కోసి పీఠంగా వాడేవారు ఉన్నారు. మనకు ఇంటి పక్కనే కడప బండ దొరుకుతుంది. రెండు అంగుళాల మందం బండను కొలత ప్రకారం రంధ్రం కోయించి, అంచులు నున్న చేయిస్తే పీఠానికి ఇంతకంటే మంచి రాయి కోసం దూరం పోనక్కరలేదు.

బీబీసీ ఇంజనీర్లు 1970లలో రూపొందించిన ఎల్ఎస్3/5ఎ స్పీకరు రెండో ఉదాహరణ. బయటి ప్రసారాలకు వెళ్లే వ్యానులో చోటు తక్కువ కాబట్టి జానెడున్నర ఎత్తులో, మనిషి గొంతు సహజంగా వినిపించేటట్టు దీన్ని చేశారు. రోజర్స్, స్పెండర్, హార్బెత్, కెఫ్ వంటి సంస్థలు బీబీసీ అనుమతితో, అదే కొలతలతో తయారు చేశాయి. కొలతలు ప్రమాణబద్ధంగా ఉన్నందువల్ల ఎవరు చేసినదైనా బాగుచేసే పద్ధతి ఒకటే. దాని పెట్టెలో వాడిన కెఫ్ బి110, టి27 అనే స్పీకరు యూనిట్ల తయారీ ఆగిపోయినా, అదే నమూనాలో కొత్తవి చేసే ఇంగ్లిషు సంస్థ ఉంది. అందుకే మంచి స్థితిలో ఉన్న పాత జత నేడు తన అసలు ధరను దాటి అమ్ముడవుతుంది. అయితే రెండు పెట్టెల వెనుక ఉన్న సంఖ్యలు ఒక జతవై ఉండాలి. ఒకటి పోయి మరొకటి వెతికి పెట్టిన జతకు ఆ ధర రాదు.

గాజు గొట్టాలతో నడిచే వాల్వు ఆంప్లిఫయర్లదీ ఇదే తీరు. 1961 నాటి మెకింటాష్ ఎంసీ275 గానీ, వెస్టర్న్ ఎలక్ట్రిక్ 1938లో తెచ్చిన 300బి వాల్వు మీద నడిచే ఆంప్లిఫయర్లు గానీ వెల నిలుపుకున్నాయంటే, ఆ వాల్వులు నేటికీ కొత్తవి దొరుకుతూ ఉండటమే కారణం. వెస్టర్న్ ఎలక్ట్రిక్ 1988లో 300బి తయారీ ఆపినప్పుడు పాత నిల్వల ధర విపరీతంగా పెరిగింది. తరువాత ఆ పేరు మీదే తయారీ మళ్లీ మొదలైంది, చైనా, రష్యా, చెక్ దేశాల వాల్వులూ వచ్చాయి.

ఇప్పుడు ఎదుటి పక్షం చూద్దాము. 1982లో సోనీ మొదటి సీడీ ప్లేయరు అమ్మకానికి తెచ్చింది. ఆ తరువాత ముప్పై ఏళ్లలో ఎన్నో సంస్థలు లక్షల ధర పలికే సీడీ ప్లేయర్లను మందమైన అల్యూమినియం పెట్టెల్లో పెట్టి అమ్మాయి. వాటిలో చాలావాటికి గుండెకాయ లాంటి లేజరు యూనిట్, మన మెకానిక్కుల భాషలో "లెన్స్", ఏ ఫిలిప్స్ నుంచో సోనీ నుంచో కొని వేసినది. ఆ లెన్స్ తయారీ ఆగిపోయిన నాడు లక్షల ప్లేయరుకూ వేల ప్లేయరుకూ తేడా లేకుండా పోయింది. లెన్స్ పోయిన ఖరీదైన ప్లేయరు నా బల్ల మీదికి వచ్చినప్పుడు, పెట్టె ఎంత అందంగా ఉన్నా, యజమానికి చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఉండదు.

డిజిటల్ సంకేతాన్ని ఆంప్లిఫయరుకు పనికివచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే డాక్‌ల సంగతి ఇంకా కఠినంగా ఉంది. నాలుగేళ్ల కిందట ఐదు లక్షలకు వచ్చిన పనితనం ఈరోజు యాభై వేల పెట్టెలో వస్తున్నది కాబట్టి పాతదానికి గిరాకీ ఉండదు. ఎక్కువ నాణ్యత ఉన్న పాటను చిన్న ఫైలుగా కుదించి పంపే ఎంక్యూఏ అనే పద్ధతి 2014లో వచ్చినప్పుడు, ఆ గుర్తు ఉన్న డాక్ కొనకపోతే వెనకబడిపోతామన్నట్టు ప్రచారం జరిగింది. దాన్ని తెచ్చిన సంస్థ 2023 ఏప్రిల్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, 2024లో ఇంటర్నెట్టు మీద పాటలు వినిపించే టైడల్ సంస్థ ఆ పద్ధతినే వదిలేసింది. ఆ గుర్తు కోసం అదనంగా ఇచ్చిన డబ్బు ఎవరికీ తిరిగి రాలేదు. ఆంప్లిఫయరు, డాక్, నెట్‌వర్క్ అన్నీ పెట్టెలోనే ఇమిడిన స్పీకర్లు కూడా ఇదే దారిలో పోతాయని నా అంచనా. అందులోని కట్టె, కోను యాభై ఏళ్లు ఉండగలవు. ఫోనులోని యాప్ పనిచేయడం మానేసిన రోజున అవన్నీ మూలన పడతాయి.

అరుదైన వస్తువు కాబట్టి ధర పెరుగుతుందన్న నమ్మకం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 1990ల మొదట్లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ ఓర్ఫియస్ హెడ్‌ఫోన్‌ను సుమారు 300 సెట్లకు పరిమితం చేసి అమ్మింది, అది తరువాత కొన్న ధరను మించి అమ్ముడైంది. పేరు ప్రపంచమంతా తెలిసినందువల్ల అలా జరిగింది. పేరు తెలియని చిన్న సంస్థ పాతిక ఆంప్లిఫయర్లు మాత్రమే చేసిందంటే, వాటిని అడిగేవారూ పాతికమందే ఉంటారు, సర్క్యూట్ కాగితం ఏ మెకానిక్కు దగ్గరా ఉండదు. అలాంటి అరుదుతనం అమ్మేవాడికి భారమే.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతులకు వస్తాను. విదేశీ పత్రికల్లో రాసే ధరలు ఇక్కడ మనకు పనికి రావు. ఎండాకాలంలో మన గదుల్లో నలభై డిగ్రీలు దాటడం మామూలు. ఆంప్లిఫయరులో కరెంటును నిల్వ పట్టే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడి పెరుగుదలకు సగానికి తగ్గుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. క్లాస్ ఏ రకం ఆంప్లిఫయర్లు స్వయంగా కుంపటిలా కాగుతాయి; వాటిని గాలి ఆడని అలమరలో పెట్టి, పైన గుడ్డ కప్పి, కడప ఎండలో నడిపితే లండన్‌లో ఇరవై ఏళ్లు వచ్చే కెపాసిటర్లు ఇక్కడ ఐదారేళ్లకే పైన ఉబ్బుతాయి. మూత తీసి చూడండి: కెపాసిటరు నెత్తి సమంగా ఉండాలి. అది బొడిపెలా లేచి ఉన్నా, అడుగున గోధుమ రంగు జిగురు కారినట్టు ఉన్నా, కొనేవాడు ఆ మార్పిడి ఖర్చును ధరలోంచి తీసేస్తాడు, తీసేయడం న్యాయం కూడా.

స్పీకరు కోను చుట్టూ ఉండే ఫోము అంచు మరొక చోటు. పదిహేను ఇరవై ఏళ్లకు ఆ ఫోము దానంతట అదే పొడి అవుతుంది; వేలితో మెల్లగా తాకితే తడిసిన రొట్టెలా ఊడి వస్తుంది. ఇది చూసి స్పీకరే పోయిందని వంద రూపాయలకు తెగనమ్మిన ఇళ్లు నాకు తెలుసు. కొత్త అంచు తెప్పించి జాగ్రత్తగా అతికిస్తే ఆ స్పీకరు మళ్లీ పాతికేళ్లు పాడుతుంది. రబ్బరు అంచులు ఇంతకంటే చాలా కాలం నిలుస్తాయి. కోనుకు బదులు పల్చని పొరతో పలికే, 1957 నాటి క్వాడ్ వంటి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ల పొరలు మాత్రం అధిక వోల్టేజితో దుమ్మును లాక్కుంటాయి. వాటిని ఈ ఊరి దుమ్ములో పెట్టుకోవాలనుకునేవారు ముందుగా గది తలుపుల సందులు మూయించాలి.

కరెంటు సంగతి అన్నిటికంటే ముఖ్యం. కువైట్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్‌జ్ కాబట్టి అక్కడి నుంచి తెచ్చిన సెట్లు మన 230 వోల్టుల మీద ఇబ్బంది లేకుండా నడుస్తాయి. మన జిల్లాలో ఇప్పటికీ పాడుతున్న సాన్‌సుయ్, అకాయ్, పయనీర్ సెట్లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే, వాటి ధర మెల్లగా పెరుగుతూనే ఉంది. అమెరికా నుంచి పిల్లలు తెచ్చినవి 120 వోల్టులవి, జపాన్ సొంత అంగళ్ల కోసం చేసినవి 100 వోల్టులవి. ఈ రెంటినీ నేరుగా మన ప్లగ్గులో పెట్టిన ఇంట్లో ట్రాన్స్‌ఫార్మరు కాలిన వాసన వచ్చిన తరువాతే నన్ను పిలుస్తారు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరుతో నడపవచ్చు గానీ, తిరిగి అమ్మేటప్పుడు కొనేవారు తక్కువమందే ఉంటారు కాబట్టి ధర తగ్గుతుంది. కొన్ని యంత్రాల్లో ట్రాన్స్‌ఫార్మరుకు రెండు తీగచుట్టలు ఉండి, లోపలి తీగలు మార్చితే 230కి సరిపోతాయి. అది ముందుగా తెలుసుకుని చేయించినవారికి పూర్తి ధర దక్కుతుంది.

వాడిన సామానును విదేశాల నుంచి తెప్పించి ఇక్కడ అమ్ముదామనుకునే యువకులకు కూడా ఒక హెచ్చరిక. పరిశ్రమల యంత్రసామగ్రి కాని వాడిన వస్తువుల దిగుమతికి మన దేశంలో విదేశీ వాణిజ్యాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ డీజీఎఫ్టీ అనుమతి కావాలి. అందువల్ల దేశంలో ఇప్పటికే ఉన్న పాత సామానుకు కొంత రక్షణ ఏర్పడింది. మంచి స్థితిలో ఉన్న పాత టర్న్‌టేబుల్‌కు బెంగుళూరు, హైదరాబాదు, చెన్నై నుంచి కారు వేసుకుని వచ్చి కొనేవారు ఉన్నారు.

అయితే, వినే ఆనందానికి వెల లేదా అని మీరు అడగవచ్చు. ఉంది, దానికోసమే నేను ఈ వృత్తిలో ఉన్నాను. మంచి స్పీకర్ల మీద ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విన్నప్పుడు కమాను తీగ మీద ఎక్కడ ఒత్తిందో, ఎక్కడ తేలిందో తెలుస్తుంది. ఆ అనుభవానికి డబ్బు ఖర్చు చేయడం వృథా అని నేను ఎన్నడూ అనను. నేను అడ్డుపడేది, ఆ ఖర్చును పెట్టుబడి అని చెప్పి అమ్మే మాటకు. వినడానికి కొనే డబ్బు వినడంలోనే తీరాలి. నేటి మధ్యతరగతి ధర ఆంప్లిఫయర్లలో కూడా ధ్వని వికృతం కావడం (డిస్టార్షన్) చెవి పట్టలేనంత తక్కువకు చేరింది కాబట్టి, పది లక్షల ఆంప్లిఫయరు ఐదు రెట్లు బాగా పాడుతుందన్నది నిజం కాదు. స్పీకర్ల మధ్య తేడా మాత్రం నిజంగా వినిపిస్తుంది, గది వల్ల వచ్చే తేడా ఇంకా ఎక్కువ. మన ఇళ్లలో కింద నున్నని బండలు, పైన సిమెంటు కప్పు, నాలుగు వైపులా ఖాళీ గోడలు. ఆ గదిలో ఏ స్పీకరైనా గోలగోలగా వినిపిస్తుంది. మందమైన జంపఖానా, పుస్తకాల బీరువా, గోడకు దూరంగా జరిపిన స్పీకర్లు, వీటితో వచ్చే మార్పును లక్ష రూపాయల కేబులు తేలేదు. కేబుళ్లకు తిరిగి అమ్మే ధర కూడా సరిగా రాదు. నకిలీలు అంతగా పెరిగిపోయాయి.

ఇంట్లో పెద్దవారి సెట్టు మిగిలిన కుటుంబాలకు చెప్పవలసిన జాగ్రత్తలతో ముగిస్తాను. ఏళ్లుగా ఆగి ఉన్న ఆంప్లిఫయరును పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారిగా స్విచ్చి వేయకండి. ఎండిపోయిన కెపాసిటర్లు ఆ దెబ్బకు పోతాయి, వెంట ట్రాన్స్‌ఫార్మరును తీసుకుపోవచ్చు. సీరీస్ బల్బు పెట్టి గానీ, వేరియాక్‌తో వోల్టేజి నెమ్మదిగా పెంచుతూ గానీ మెకానిక్కు చేత మేలుకొలపాలి. ముందు పలకను తడిగుడ్డతో రుద్దకండి, అక్షరాలు చెరిగితే ధరలో నాలుగో వంతు చెరిగినట్టే. అట్టపెట్టె, థర్మాకోలు, రసీదు, చిన్న పుస్తకం అటక మీద ఉంటే పారేయకండి. నలభై కిలోల ఆంప్లిఫయరును లారీలో పంపడానికి దాని సొంత పెట్టెకు మించినది లేదు, కొనేవాడికి ధైర్యం ఇచ్చేదీ అదే. ఇంటర్నెట్టులో కనిపించే ధర అమ్మేవాడు కోరుకున్న ధర మాత్రమే కాబట్టి, అమ్ముడుపోయినవాటి ధరలు వెతికి చూడండి. అన్నీ కలిపి ఒకే బేరగాడికి ఇవ్వకుండా టర్న్‌టేబుల్, స్పీకర్లు, ఆంప్లిఫయరు విడివిడిగా చూపించండి; సీడీ ప్లేయరు, డాక్ ఉంటే వాటిని ముందుగా, ఈ ఏడాదిలోనే అమ్మండి.

అమెరికా టర్న్‌టేబుల్ ఉన్నవారు, దాన్ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరుతో ఇక్కడ నడిపితే సరిపోతుందా అని సభకు ముందు అడిగారు; దానికి జవాబు కూడా ఇక్కడే చెబుతాను. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుంది గానీ హెర్ట్‌జ్‌ను మార్చదు. 60 హెర్ట్‌జ్ కోసం చేసిన మోటారు మన 50 మీద ఆరింట ఒక వంతు నెమ్మదిగా తిరుగుతుంది, పాట శ్రుతి దిగిపోతుంది. మీ యంత్రం మోటారే నేరుగా పళ్లాన్ని తిప్పే క్వార్ట్‌జ్ డైరెక్ట్ డ్రైవ్ అయితే ఈ బాధ లేదు. ఏసీ మోటారు ఉండి, పట్టీతో గానీ రబ్బరు చక్రంతో గానీ తిరిగేది అయితే 50 హెర్ట్‌జ్ పుల్లీ వేయించాలి. ఆ పుల్లీ చిన్న ఇత్తడి ముక్క, కొలతలు తెలిసిన లేతు పనివాడు చేయగలడు. పాత పుల్లీని మాత్రం పారేయకుండా కవరులో పెట్టి యంత్రంతోపాటే ఉంచండి, రేపు కొనేవాడు దాన్ని తప్పక అడుగుతాడు.